తూము ఎవరి చేతిలో ఉంది?

(డిసెంబరు 6న నరసరావుపేటలో జరిగిన అంబేద్కర్ వర్ధంతి సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



బాబాసాహెబ్ వర్ధంతి రోజున అమెరికా గురించి మాట్లాడతానంటే మన మిత్రులు నవ్వారు. "ఏం మాస్టారూ, వీసా వచ్చిందా?" అన్నారు. రాలేదు. కానీ మన పిల్లల నోట రోజూ అమెరికా మాటే. "అక్కడ డబ్బుంటే చాలు సార్, అందరూ ఒకటే" అంటారు. డబ్బు పెరిగితే తేడాలు వాటంతటవే పోతాయని మనకు ఎప్పటినుంచో చెబుతున్నారు. ఈ మాట నిజమో అబద్ధమో తేలాలంటే అమెరికా బాగా డబ్బు చేసిన కాలాన్నే చూడాలి. అది 1950ల దశకం.

ఆ అమెరికా మన గూడేలకూ వచ్చింది, పాలపొడి రూపంలో. మా నాయన మిషను బళ్లో చదివాడు. పాలపొడి పాలు, గోధుమ రవ్వ ఉప్మా పెట్టేవాళ్లంట. 1954లో అమెరికా చేసిన పి.ఎల్. 480 చట్టం కింద అక్కడ మిగిలిపోయిన ధాన్యం మన దేశానికి వచ్చింది. "తిండి మిగిలిపోయే దేశంలో మనబోటి వాళ్లు ఉండరనుకున్నాం రా" అనేవాడు మా నాయన.

ఉన్నారు. అది చెప్పడానికే వచ్చాను.

1945లో యుద్ధం ముగిసేనాటికి యూరప్ కూలిపోయి ఉంది. అమెరికా ఫ్యాక్టరీలు చెక్కుచెదరలేదు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు కాలేజీ చదువుకు డబ్బు, ఇంటి అప్పుకు హామీ ఇస్తూ 1944లోనే చట్టం చేశారు. 1950లో పది ఇళ్లకు ఒక టీవీ కూడా లేదు. 1960 కల్లా పదింట దాదాపు తొమ్మిది ఇళ్లలో టీవీ ఉంది. సొంత ఇల్లు, కారు, ఫ్రిజ్, ఇంటి ముందు పచ్చగడ్డి. ప్రపంచమంతా చూసి నోరు తెరిచిన సంసారం అది.

ఆ ఇల్లు ఎవరికి దక్కింది? న్యూయార్క్ పక్కన 1947లో లెవిట్‌టౌన్ అనే ఊరు కట్టడం మొదలుపెట్టారు. మాజీ సైనికులకు చౌక ఇళ్లు, వరసగా 17 వేలకు పైనే. తెల్లవాళ్లు కానివాళ్లను ఇంట్లో ఉంచకూడదని మొదట్లో ఒప్పందపత్రంలోనే రాసుకున్నారు. 1953 నాటికి ఆ ఊరి జనం సుమారు 70 వేలు. వాళ్లలో నల్లవాళ్లు ఒక్కరూ లేరు. సైనికుల చట్టంలో మాత్రం ఎక్కడా "తెల్లవాళ్లకే" అని లేదు. కాగితం మీద అందరూ సమానమే. కానీ అప్పు మంజూరు చేసేది ఊళ్లో బ్యాంకు, బ్యాంకులో కూర్చున్నది తెల్లవాడు. మిసిసిపీ రాష్ట్రంలో 13 పట్టణాల లెక్క తీస్తే, 1947లో ఆ చట్టం హామీతో ఇచ్చిన అప్పులు 3,229. అందులో నల్లవాళ్లకు దక్కినవి రెండు. రెండంటే రెండే!

అంటే కాలువ తవ్వింది ప్రభుత్వం, తూము మాత్రం ఊరి పెద్ద చేతిలో పెట్టింది. పల్నాడు వాళ్లకు ఇంతకంటే విడమర్చి చెప్పాలా?

1955 డిసెంబరు 1న మాంట్‌గోమరీ పట్టణంలో రోసా పార్క్స్ అనే నల్లజాతి స్త్రీ బస్సులో తెల్లవాడికి సీటు ఇవ్వనన్నందుకు అరెస్టయింది. అదే నెల 10వ తేదీన మన నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశాడు. తొమ్మిది రోజుల తేడా. సాగర్ రాతికట్టడం. ఆ రాళ్లు ఎత్తింది కూలీలు. 1967 ఆగస్టులో నీళ్లు వదిలారు. కుడికాలువ కింద సుమారు 11 లక్షల ఎకరాల ఆయకట్టు. జొన్నకూడు సీమ అని శ్రీనాథుడు ఎగతాళి చేసిన పల్నాటికి వరి వచ్చింది, పత్తి వచ్చింది, మిరప వచ్చింది. మనకూ పని దినాలు పెరిగాయి, అన్నం మెతుకు దొరికింది. కాదనను. కానీ నీళ్లు పొలానికి పోతాయి గానీ మనిషికి పోవు కదా! భూమి ఉన్నవాడి ఎకరం విలువ పెరిగింది. భూమి లేనివాడికి పెరిగింది వంగి కోసే మిరపసాళ్లే. ప్రభుత్వం సొమ్ము అందరిదీ, లాభం మాత్రం ఎకరాల లెక్కన. మన వాళ్లకు పట్టా ఇచ్చిన చోట కూడా ఆ చెక్క కాలువ చివరన ఉంటే, నీళ్లు అక్కడికి చేరేసరికి పైరు ఎండిపోయి ఉంటుంది.

పైగా సంపద పొగరును తగ్గించలేదు, పెంచింది. డెల్టా పంటల డబ్బుతో బలిసిన కారంచేడులో 1985 జూలై 17న ఏం జరిగింది? మాదిగలు తాగే చెరువు నీళ్లు మురికి చేయొద్దన్నందుకు మొదలైన గొడవలో ఆరుగురిని చంపారు. అమెరికాలో అదే మంచి రోజుల్లో, 1955 ఆగస్టులో, ఎమ్మెట్ టిల్ అనే 14 ఏళ్ల పిల్లవాణ్ణి తెల్లామెతో మాట్లాడిన తీరు బాగోలేదని చంపారు. అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ హంతకులను వదిలేసింది. కాబట్టి పిల్లలారా, డబ్బు పెరిగితే కులం పోతుందనే మాట రెండు దేశాల్లోనూ అబద్ధమని తేలింది.

మరి ఏం చేస్తే మారింది? మాంట్‌గోమరీలో రోసా పార్క్స్ కంటే తొమ్మిది నెలల ముందే క్లాడెట్ కాల్విన్ అనే 15 ఏళ్ల బడిపిల్ల సీటు ఇవ్వనని అరెస్టయింది. పార్క్స్ అరెస్టయిన రాత్రి జో ఆన్ రాబిన్సన్ అనే కాలేజీ అధ్యాపకురాలు, ఒక తోటి అధ్యాపకుడు, ఇద్దరు విద్యార్థులు కలిసి కాలేజీ యంత్రం మీదే వేల కరపత్రాలు తీశారు. సోమవారం ఎవరూ బస్సెక్కొద్దని రాశారు. డిసెంబరు 5న బస్సులు ఖాళీగా తిరిగాయి. వంటమనుషులు, పాచిపని చేసే అమ్మలు, కూలీలు 381 రోజులు నడిచారు. బస్సెక్కేవాళ్లలో ఎక్కువమంది వాళ్లే గనక కంపెనీకి నష్టం వచ్చింది. కోర్టులో వాది పేర్లలో ఆ బడిపిల్ల పేరూ ఉంది. 1956 డిసెంబరులో బస్సుల్లో వేరు సీట్లు పోయాయి. ఆ నెల 6వ తేదీనే మన బాబాసాహెబ్ కన్నుమూశాడు.

ఇక్కడ ఒక తేడా మనం దాచుకోకూడదు. అక్కడ పేదలు బస్సును బహిష్కరించారు. ఇక్కడ భూస్వాములు మనల్ని బహిష్కరిస్తారు. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపకముందు దళితులకు పనులు మాన్పించారు. ఆయుధం ఒకటే, పట్టుకున్న చేయి వేరు. ఎందుకంటే పొలం, అప్పు, కొట్టు అన్నీ వాళ్ల చేతిలో ఉన్నాయి. మాంట్‌గోమరీని మక్కీకి మక్కీ ఇక్కడ దించుతామంటే మన పొయ్యిలే ముందు ఆరిపోతాయి. అయితే అక్కడి నుంచి నేర్చుకోవాల్సింది నడక ఒక్కటే కాదు, ఆ నడక వెనక ఉన్న ఏర్పాటు. ఎవరి కారు ఏ పేటకు ఎన్ని గంటలకు వెళ్లాలో వాళ్లు జాబితా రాసుకున్నారు. ప్రతి వారం చర్చిలో చందా పోగేశారు. ఒక్కరోజు ఆవేశంతో 381 రోజులు నడవలేరు.

మన పల్నాడు చాపకూడు గురించి గొప్పగా చెప్పుకుంటుంది. బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒక చాప మీద కూర్చోబెట్టాడు, మాల కన్నమదాసును కొడుకన్నాడు. గొప్పే. కానీ నా ఉద్యోగం మొదట్లో ఒక ఊళ్లో టీకొట్టుకు పోతే, నా కులం తెలిసిన రెండో రోజునుంచి నాకు గ్లాసు మారింది. మాస్టారునని "అండీ" అంటూనే వేరే గ్లాసు ఇచ్చాడు. నేను తాగేసి వచ్చాను. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ సిగ్గే. 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు తెల్లవాళ్ల బల్ల దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. ఇవ్వలేదు. వాళ్లు లేవలేదు. మర్నాడు ఇంకా ఎక్కువమందితో వచ్చారు. ఎవరో చాప పరిచి పిలిస్తే పోవడం వేరు, నా హక్కని కూర్చోవడం వేరు. నేను ఆనాడు ఒంటరిగా ఉన్నాను. మీరు ఒంటరిగా ఉండకండి.

అమెరికా పోవాలనుకునే పిల్లలకు ఒక మాట. 1946 చట్టం ప్రకారం మన దేశం నుంచి ఏడాదికి వంద మందికే అక్కడ స్థిరపడే వీలు. ఆ గేటు తెరిచింది 1965 అక్టోబరు నాటి చట్టం. నల్లజాతి పోరాటం తెచ్చిన ఊపులో వచ్చిన చట్టం అది. అంటే మనవాళ్ల విమానం టికెట్టులో మాంట్‌గోమరీ పాచిపని అమ్మల కాళ్ల నొప్పి ఉంది. ఆ గేటులోంచి పోయి అక్కడా కులాన్ని నాటినవాళ్లున్నారు. అందుకే 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించాల్సి వచ్చింది. మీరు పోతే పోండి, కానీ ఆ బాకీ మరచిపోకండి.

ఇక్కడే ఉండేవాళ్లకు మూడు పనులు. ఒకటి, మాలపల్లె మాదిగపల్లె కలిసి ఇంటికి పిడికెడు బియ్యం పోగేసే అలవాటు పెట్టుకోండి. బహిష్కరణ పెట్టినవాడు మన గింజలు ఎన్ని రోజులకు అయిపోతాయా అనే చూస్తాడు. రెండు, సాంఘిక బహిష్కరణ, ఆర్థిక బహిష్కరణ నేరమని 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ స్పష్టంగా చెప్పింది. బహిష్కరణ పెడతామని బెదిరించినా నేరమే. పోలీసుస్టేషన్‌కు పోయేటప్పుడు ఈ మాట తెలిసి పోండి. మూడు, మిరప కోతలు మొదలయ్యాక కూలి మాట్లాడితే లాభం లేదు. ముఠాలన్నీ ముందే కూర్చుని ఒక్క మాట మీదికి రావాలి. కాయ పండి ఎదురుచూసే ఆ కొద్ది రోజులే మన చేతిలో ఉన్న తూము.

హాస్టలు పిల్లలారా, ఆ రాత్రి కరపత్రాలు తీసిన నలుగురిలో ఇద్దరు విద్యార్థులే. కాగితం, కలం నేనిస్తాను. రేపు సాయంత్రం బడి వదిలాక రండి.

జై భీమ్.