పట్టేసిన వెనక డిస్కు: ఇంటి దగ్గర విప్పే పద్ధతి

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము బండ్ల పని చేసుకునేవాళ్ళం. పాత బండి వెనక చక్రానికి పట్టేసిన బ్రేకు డిస్కును ఇంటి దగ్గర ఎలా విప్పాలో, ఎక్కడ ఆగిపోవాలో చెప్పమన్నారు. దాతల సభలో ఈ సంగతి ఎందుకని అనుకోవద్దు. దానంగా వచ్చే బండి ఎక్కువగా పాతదే. అందులో ఎక్కేది రోగులు, ముసలివాళ్ళు. మన గజపతినగరం మీదుగా పోయే 26వ నంబరు జాతీయ రహదారి సాలూరు దాటాక సుంకి ఘాటు ఎక్కుతుంది. ఘాటు దిగేటప్పుడు వెనక బ్రేకు సరిగా పనిచేయకపోతే భారమంతా ముందు బ్రేకుల మీద పడి, అవి వేడెక్కి పట్టు తగ్గుతాయి.

ఆమ్నీ, బొలెరో, అంబాసిడర్ లాంటి బండ్లకు వెనక ఉండేది డ్రమ్ము. వెనక కూడా డిస్కులున్న బండ్ల గురించే ఇప్పుడు చెబుతున్నాం.

డిస్కు పట్టేయడానికి ముఖ్యంగా రెండు కారణాలు. ఒకటి తుప్పు. డిస్కు పోత ఇనుముది, అది కూర్చునే హబ్బు ఉక్కుది. రెండింటి మధ్య తడి చేరితే తుప్పు పుట్టి సందును పూడ్చేస్తుంది. 2020 మార్చి 25 నుంచి లాక్‌డౌన్‌లో వారాల తరబడి కదలని బండ్లకు ఇలాంటి బాధే వచ్చింది. రెండోది హ్యాండ్ బ్రేకు. కొన్ని బండ్లలో డిస్కు మధ్య గుండ్రటి భాగంలో చిన్న డ్రమ్ము, దానిలో రెండు షూలు ఉంటాయి. లోపల అరిగి గట్టు ఏర్పడితే, డిస్కు బయటికి వచ్చేటప్పుడు ఆ షూలు గట్టుకు తగులుకుంటాయి. ఇది తెలియక సుత్తితో బాదితే షూల స్ప్రింగులు విరుగుతాయి.

పని మొదలుపెట్టే ముందు బండిని గట్టి చదును నేల మీద పెట్టండి. ముందు చక్రాలకు రెండువైపులా చెక్క దిమ్మలు బిగించాకే హ్యాండ్ బ్రేకు దించండి. చక్రం నేల మీద ఉండగానే నట్లు కాస్త వదులు చేయండి. జాకీ బండిని లేపడానికే. లేచాక స్టాండు మీద నిలపాలి. ఇటుకల మీద నిలిపిన బండి దగ్గర చెయ్యి పెట్టవద్దు.

చక్రం తీశాక క్యాలిపర్‌ను, దాని బ్రాకెట్‌ను విప్పి తీగతో పైన కట్టండి. బ్రేకు గొట్టానికి వేలాడనివ్వకండి. డిస్కును పట్టి ఉంచే చిన్న స్క్రూలు ఉంటే తీసేయండి. హబ్బు చుట్టూ, బోల్టుల మొదట్లో తుప్పు వదిలించే నూనె కొట్టి, వీలైతే రాత్రంతా వదిలేయండి. లోపల షూలుంటే, రబ్బరు మూత ఉన్న రంధ్రంలోంచి స్క్రూడ్రైవరుతో పళ్ళ చక్రం తిప్పి షూలను లోపలికి లాగండి.

చాలా డిస్కులకు మధ్య భాగంలో మరలున్న రెండు రంధ్రాలు ఉంటాయి. వాటికి సరిపడే బోల్టులు పెట్టి, దీన్ని కాస్త, దాన్ని కాస్త బిగిస్తూ పోతే డిస్కు తనంతట ముందుకు వస్తుంది. రంధ్రాలు లేకపోతే, డిస్కు ఊడి కాలి మీద పడకుండా రెండు చక్రం నట్లు నాలుగు మరలు ఎక్కించి వదిలేసి, బోల్టుల మధ్య భాగం మీద చెక్క అడ్డుపెట్టి తిప్పుతూ కొట్టండి. డిస్కు అంచు మీద గానీ బోల్టుల మీద గానీ కొట్టవద్దు.

అప్పటికీ రాకపోతే ఆగిపోండి. ఇంటి దగ్గర గ్యాసు మంట పెట్టవద్దు. పక్కనే బ్రేకు నూనె, గ్రీజు, బేరింగు సీలు ఉంటాయి. పాత ప్యాడ్ల దుమ్మును నోటితో గానీ గాలిపంపుతో గానీ ఊదవద్దు. పాతవాటిలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, అది ఊపిరితిత్తులకు చేటు. తడిగుడ్డతో తుడిచి పారేయండి.

బిగించేటప్పుడు హబ్బును తీగ బ్రష్షుతో రుద్ది, మధ్యలో పల్చగా వేడికి తట్టుకునే గ్రీజు పూయండి. ప్యాడ్లు రాసుకునే ముఖానికి అది అంటకూడదు. డిస్కు మీద పోసి ఉన్న కనీస మందం కంటే అరిగితే రెండువైపులా మార్చాలి. వదులు చేసిన షూలను మళ్ళీ సరిచేయాలి. బండి కదిపే ముందు పెడల్ గట్టిపడే దాకా తొక్కండి, హ్యాండ్ బ్రేకు పట్టుతోందో చూడండి. కొంత దూరం నడిపాక నట్లు మళ్ళీ బిగించండి.

దాతలకు మా మనవి ఒక్కటే. బండి ఇచ్చినవారు దాని బ్రేకుల గురించి ఏటా ఒకసారి అడగండి. ఒక జత స్టాండ్లు, ఒక మంచి పానాల పెట్టె మన సంఘం దగ్గర ఉంటే, ఏ ఇంటివారైనా తీసుకెళ్ళి పని చేసుకుని తిరిగి అప్పగించవచ్చు. తొలిసారి విప్పేవారి పక్కన నిలబడడానికి మేము వస్తాం.