డిగ్రీకి ఒక కొలత, పీజీకి ఒక కొలత



మన బిడ్డలు ఇవాళ డిగ్రీలో ప్రాజెక్టులు, పీజీలో డిజర్టేషన్లు రాస్తున్నారు. వాటిని దిద్దే అధ్యాపకులుగా మేము ఒక మాట మీ ముందు పెట్టదలచాం. రెండింటినీ ఒకే కొలతతో కొలిస్తే నష్టపోయేది మన బిడ్డలే.

నాగోబా జాతర మీద ఇద్దరు రాశారనుకుందాం. కేస్లాపూర్ ఎక్కడుంది, పుష్య అమావాస్య పూజ ఎవరు చేస్తారు, మెస్రం వంశీయులు గోదావరి జలం ఎందుకు తెస్తారు, కొత్త కోడళ్ల భేటింగ్ అంటే ఏమిటి? డిగ్రీ విద్యార్థి ఇవి సరిగ్గా తెలుసుకుని, వరుస తప్పకుండా సొంత మాటల్లో చెబితే మంచి మార్కులు వేస్తాం.

పీజీ విద్యార్థి అంతవరకే రాస్తే వంద పేజీలైనా చాలదు. అక్కడ ప్రశ్న ఉండాలి. ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద హైమన్‌డార్ఫ్ పుస్తకం 1948లో వచ్చింది. అందులోని మాటకూ, నేడు ఊరి పెద్దలు చెప్పే మాటకూ తేడా ఉందా? ఉంటే ఎందుకు? ఆడవాళ్లను ఎవరైనా అడిగారా? తన వాదనకు అడ్డొచ్చే సాక్ష్యాన్ని విద్యార్థి ఏం చేశాడు? పీజీలో మార్కులు వీటికి.

"ఇది ఏ పుస్తకంలో ఉంది?" అని పెద్దల మాటను కొట్టేయడం న్యాయం కాదు. మన చరిత్ర ఎంతో పర్ధాన్‌ల పాటలోనే నిలిచింది. డిగ్రీలో చెప్పినవారి పేరు, ఊరు రాస్తే సరిపోతుంది. పీజీలో ఏ రోజు, ఏ భాషలో, ఎవరి అనుమతితో విన్నదీ రాయాలి. అప్పుడే ఆ మాట సాక్ష్యమవుతుంది.

ఇంట్లో గోండి, కొలామి మాట్లాడే బిడ్డ తెలుగులో తడబడితే డిగ్రీలో దిద్ది చూపుదాం, ఆలోచనకు మార్కు కోయవద్దు. పీజీలో గోండి మాటను అలాగే ఉంచి అర్థం వివరిస్తే దాన్ని ప్రతిభగా లెక్కిద్దాం.

"మన పిల్లలే కదా" అని చేతికి ఎముక లేకుండా మార్కులు వేయడమూ మేలు కాదు. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో ఆ మార్కులు వాళ్ల తరఫున మాట్లాడవు.

తోటి అధ్యాపకులారా, మార్కు పక్కన రెండు వాక్యాలైనా రాయండి: ఏది బాగుంది, ఏది మిగిలింది. తల్లిదండ్రులారా, ఎన్ని మార్కులొచ్చాయని అడిగే ముందు ఏం తెలుసుకున్నావని అడగండి. విద్యార్థులారా, మీకు చెప్పిన పెద్దలకు మీ రాతను ముందు చదివి వినిపించండి. తర్వాతే మాకివ్వండి.