గింజకు పురుగు పట్టకుండా కాపాడుకుందాం



మన పలమనేరు పక్క రాగులు, కందులు, అలసందలు, అనపలు పండిస్తాం. రాగి గింజ చిన్నది. బాగా ఎండితే ఏండ్ల తరబడి ఉంటుంది. అందుకే పెద్దవాళ్లు రాగుల్ని పాతర వేసేవాళ్లు. పప్పు గింజలు అట్ల కాదు. రెండు మూడు నెలలు చూడకుంటే పుచ్చిపోతాయి. తినేదానికి ఉండవు, విత్తేదానికీ ఉండవు. మళ్లీ డబ్బు పెట్టి కొనాల్సిందే.

పురుగు ఎట్ల వస్తుంది? తల్లిపురుగు గింజ మీద తెల్ల చుక్క మాదిరి గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు గింజలోకి తొలుచుకొని పోయి పప్పు తింటుంది. సుమారు నెల రోజులకు గుండ్రటి బొక్క చేసుకొని బయటికొస్తుంది. ఒక్క పురుగు 100 గుడ్ల దాకా పెట్టగలదు. ఇంక డబ్బా నిండకుండా ఉంటుందా?

వావిలాకు, నీలగిరి ఆకు, తులసాకు నలిపి వాసన చూడండి. ఆ ఘాటు ఆకులో ఉండే నూనెది. లవంగాల ఘాటు కూడా అట్లాంటిదే. ఆ వాసన పురుగుకు గిట్టదు. దూరంగా పోతుంది. వేపాకు చేదు కూడా దానికి పడదు.

అయితే ఒక మాట గుర్తుపెట్టుకోండి. గింజ లోపల దూరిన పురుగును వాసన చంపలేదు. ఆ నూనె గాలిలో కలిసిపోతుంది. వాసన పోతే కాపుదల కూడా పోతుంది. కాబట్టి ఇట్ల చేయండి.

1. గింజల్ని రెండు మూడు రోజులు ఎండబెట్టండి. కొరికితే కటుక్కుమనాలి.

2. వేడి చల్లారినాకే డబ్బాలో పోయండి. వేడిగా పోస్తే చెమ్మ పడుతుంది.

3. పాత గింజల్ని కొత్తవాటితో కలపకండి.

4. ఆకుల్ని నీడలో ఎండబెట్టండి. పచ్చివి వేస్తే బూజు పడుతుంది. ఒక వరస గింజలు, ఒక వరస ఆకులు వేయండి.

5. కిలో గింజలకు ఒక చిన్న చెంచా వేరుశనగ నూనె గానీ ఆముదం గానీ పట్టించండి. గింజ మీది గుడ్లకు గాలి ఆడదు, చచ్చిపోతాయి. వండేముందు వేన్నీళ్లతో కడిగితే చాలు.

ఇప్పుడు చెప్పేది ఇంకా ముఖ్యం. అంగట్లో అమ్మే నీలగిరి నూనెను తినే గింజల మీద పోయకండి. బిడ్డలు తాగితే ప్రాణం మీదికొస్తుంది. సీసా అందకుండా పెట్టండి. గమాక్సిన్ పొడి వాడకాన్ని మన దేశంలో 2013లో నిషేధించినారు. గోదాముల్లో పెట్టే గ్యాసు మాత్రలు ఇంట్లోకి తేవద్దు. వాటికి చెమ్మ తగిలితే విషవాయువు వస్తుంది. అదే గదిలో పడుకున్నోళ్లు లేవరు. దానికి విరుగుడు మందు లేదు. నాలుగు శేర్ల పప్పు కోసం బిడ్డల్ని పోగొట్టుకుంటామా?

గింజలు పోసిన తేదీని డబ్బా మీద మీ చేత్తోనే రాయండి. 15 రోజులకొకసారి మూత తీసి చూడండి. తెల్ల చుక్కలు కనబడితే మళ్లీ ఎండబెట్టి, చెరిగి, కొత్త ఆకులు వేయండి. చూసిన తేదీని కూడా కింద రాయండి. మీకు తెలిసింది పక్కింటి అక్కకు కూడా చెప్పండి.