మామిడి వాసన వేసిన పొగ
(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సమాఖ్య కార్యదర్శి మాట్లాడినది)



పొదుపుల గురించి, బకాయిల గురించి అక్కలు చెప్పేశారు. నాకు ఇచ్చిన అంశం ఈ-సిగరెట్లు. "అది టౌనోళ్ళ గొడవ, మనకెందుకు?" అని మీరు అనుకోవచ్చు. పోయినేడాది వరకు నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఆ సరుకు దొరికింది నా కొట్టులోనే. అందుకే ఈ మాట నేనే చెప్తానని అడిగి తీసుకున్నాను.

సంఘం అప్పుతో రోడ్డు పక్కన చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నాను. చలికాలం వచ్చిందంటే అరకు, బొర్రా చూడ్డానికి కార్లు వరసగా వస్తాయి కదా. అలాంటి రోజుల్లో ఒకాయన బండి మీద వచ్చి రంగురంగుల డబ్బాలు చూపించాడు. చూస్తే పిల్లలు రాసుకునే పెన్నుల్లా ఉన్నాయి. "ఇందులో పొగాకు లేదక్కా, ఉత్త ఆవిరే. మామిడి వాసన, పుదీనా వాసన. సిగరెట్టు మానాలనుకునేవాళ్ళు కొంటారు. నీకు 900కి ఇస్తాను, నువ్వు 1,200కి అమ్ముకో" అన్నాడు. ఐదు తీసుకున్నాను. కిస్తీకి దాచిన 4,500 రూపాయలు అతని చేతిలో పెట్టాను. బిల్లు అడగలేదు. తప్పు నాదే.

నాలుగో రోజు సెలవులకు వచ్చిన మా తొమ్మిదో తరగతి కుర్రాడు ఒకటి విప్పి పీల్చాడు. తల తిరుగుతోందన్నాడు, వాంతి చేసుకున్నాడు. జ్వరం అనుకున్నాను. ఆశా అక్క వచ్చి, ఆ పెన్ను చూసి, "ఓలమ్మో, ఇది నీ కొట్టులోకి ఎలా వచ్చింది?" అంది. నిజం అప్పుడు తెలిసింది.

అందులో ఏముందో అక్క చెప్పినట్టే మీకు చెప్తాను. లోపల చిన్న బ్యాటరీ, ఒక తీగ, కొంత ద్రవం ఉంటాయి. పీల్చినప్పుడు తీగ వేడెక్కి ఆ ద్రవాన్ని పొగలా చేస్తుంది. అది మన ఇడ్లీ కుండలోంచి వచ్చే ఆవిరి లాంటిది కాదు. చాలావాటిలో నికోటిన్ ఉంటుంది. మన చుట్టలో ఉండి మనల్ని వదలనివ్వనిది కూడా ఆ నికోటినే. ఎదిగే పిల్లల మెదడుకి, కడుపులో ఉన్న బిడ్డకి అది హాని. ఆ ద్రవాన్ని చంటిపిల్లలు మింగితే ప్రాణం మీదకే వస్తుంది. బ్యాటరీ పేలి కాలినవాళ్ళు కూడా ఉన్నారు. పొగాకు ఆకు లేదన్న మాట నిజమే కావచ్చు. ఆకులోని విషం ఉందన్న సంగతి మాత్రం అతను చెప్పలేదు. మోసం ఇలాగే చేస్తారు, సగం నిజం చెప్పి.

మన దేశంలో ఇది 2019 నుంచే నిషేధం. ఆ ఏడాది సెప్టెంబరు 18న ఆర్డినెన్సు వచ్చింది, డిసెంబరులో చట్టమైంది. తయారీ, అమ్మకం, రవాణా, ప్రకటన, నిల్వ అన్నీ నేరమే. అమ్మితే మొదటిసారి ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్ళీ దొరికితే మూడేళ్ళ వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. నిల్వ ఉంచినా ఆరు నెలల వరకు జైలు, లేదా 50 వేల వరకు జరిమానా, లేదా రెండూ. "నికోటిన్ లేని రకం" అన్నా చట్టం ఒప్పుకోదు.

చదువుకున్న దేశాల్లోనూ ఇదే జరిగింది. అమెరికాలో జూల్ అనే కంపెనీ తన సరుకు సిగరెట్టు కన్నా తక్కువ హాని అని అనుమతి లేకుండా చెప్పుకుందని, 2019లో అక్కడి ఆహార, ఔషధ సంస్థ హెచ్చరిక లేఖ ఇచ్చింది. పిల్లలకి అలవాటు చేసిందన్న కేసుల్లో 2022లో ముప్పైకి పైగా రాష్ట్రాలకు దాదాపు 44 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అంత పెద్ద దేశంలో తల్లులే మోసపోతే, మనం మోసపోవడం వింత కాదు.

మనకి ఇది కొత్తా? ఒడిశా వైపు గుడాకుతో పళ్ళు తోముకునేవాళ్ళని మనం చూడలేదా? పంటి నొప్పికి మంచిదని నమ్మించి అలవాటు చేస్తారు. పళ్ళపొడిలో, పేస్టులో పొగాకు కలపకూడదని 1992లోనే ప్రభుత్వం నిషేధించింది. మా అమ్మ అడ్డపొగ తాగేది. నిప్పు నోట్లో పెట్టుకుంటే చలి ఆగుతుందనేది. అంగిలి తెల్లబడి, పుండు పడ్డాకే మానింది. ఆంధ్రా ఊళ్ళల్లో 10 వేల మందికి పైగా నోళ్ళు చూసి, అడ్డపొగ అంగిలికి ఏం చేస్తుందో డాక్టర్లు 1971లోనే రాశారు. ఆ మాట మా అమ్మ దాకా రాలేదు. ఈ-సిగరెట్టు మాట మన పిల్లల దాకా చేరాలి.

మిగిలిన నాలుగు పెన్నులు, వాడినది ఒకటి, మా వీవో అధ్యక్షురాలిని, సీసీ గారిని తోడు తీసుకుని పోలీసు స్టేషనులో ఇచ్చేశాను. కాళ్ళు వణికాయి. తిట్టారు, రాసుకున్నారు, పంపేశారు. బండాయన ఫోను ఎత్తడం లేదు. ఆ 4,500 ఇప్పటికీ అల్లం, పసుపు అమ్మి తీరుస్తున్నాను. ఒక నెల కిస్తీ ఆలస్యమైతే మా సంఘం వాళ్ళు సర్దారు. వాళ్ళకి ఈ సభలో దండం పెడుతున్నాను.

కొట్లు నడిపే అక్కలకి నా మాట ఇది. కొత్త సరుకు వస్తే ముందు బిల్లు అడగండి. డబ్బా మీద ఎమ్మార్పీ, తయారుచేసినవాడి చిరునామా, తేదీ ఉన్నాయా అని పిల్లల చేత చదివించండి. లేకపోతే ఎంత లాభమన్నా వద్దనండి. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళకి బీడీ, సిగరెట్టు, ఖైనీ ఏదీ అమ్మకూడదు. బడికి వంద గజాల లోపల అసలే అమ్మకూడదు. మోసపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చెయ్యండి. పొగాకు మానాలనుకునేవాళ్ళకి 1800-11-2356 ఉంది, డబ్బులు పడవు.

ఇంకొక్క మాట. బడి సంచిలో మామిడి వాసన వచ్చే పెన్ను కనబడితే పిల్లల్ని కొట్టకండి. ఎక్కడ కొన్నావని అడగండి. కొడితే దాచేస్తారు, అడిగితే చెప్తారు. మా వాడు అలాగే చెప్పాడు, బడిలో ఇంకో ఇద్దరి దగ్గర ఉందని. ఆ ఇద్దరి తల్లులూ మన సభ్యులే. ముగ్గురం కలిసి బడికి వెళ్ళి సారుకి చెప్పాం.

అప్పు దరఖాస్తు రాసేటప్పుడే "నిషేధించిన సరుకు అమ్మను" అని ప్రతి కొట్టు సభ్యురాలి చేత రాయించాలని మా వీవోలో తీర్మానం చేశాం. మొదటి సంతకం నాది. మీ వీవోల్లో కూడా పెట్టి చూడండి.