టవర్ల లెక్క వాళ్లది, సిగ్నల్ లెక్క మనది

(ఏజెన్సీ మండలాల యువజన శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే పెడుతున్నాం. చదివి మీ ఊరి సంగతి కూడా రాయండి.)



తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈ పూట నాకు అప్పగించిన విషయం సెల్ నెట్‌వర్కు. పోడు పట్టాలు, 1/70 చట్టం, జీవో 3 గురించి మాట్లాడుకునే చోట ఈ సిగ్నల్ గొడవ ఏంటన్నా అని పొద్దున ఇద్దరు ముగ్గురు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు కూడా సూటిగానే చెప్తాను.

ఒకప్పుడు మన కొండల్లో సిగ్నల్ లేకపోతే చుట్టాలతో మాట్లాడలేకపోయేవాళ్లం, అంతే. ఇప్పుడు అలా లేదు. రేషన్ డిపోలో వేలిముద్ర యంత్రం నడవాలంటే సిగ్నల్ కావాలి. ఉపాధి పనిలో హాజరు ఫోటో తీసి యాప్‌లో ఎక్కించాలని 2023 జనవరి 1 నుంచి అన్ని పనులకూ రూలు పెట్టారు. అంగన్‌వాడీలో ఇంటికిచ్చే సరుకు తీసుకోవాలంటే ముఖం యాప్‌లో చూపించాలని 2025 జూలై 1 నుంచి అన్నారు. పీఎం కిసాన్‌కి ఈకేవైసీ. పిల్లల స్కాలర్‌షిప్‌కి ఓటీపీ. నొప్పులొచ్చిన తల్లికి 108 రావాలంటే ముందు ఫోన్ కలవాలి. ఫోన్ కలవకపోతే మళ్లీ డోలీయే.

అంటే సర్కారు మన హక్కులన్నిటినీ తీసుకెళ్లి సిగ్నల్‌కి కట్టింది. కట్టిన తర్వాత సిగ్నల్ ఇవ్వడం దాని బాధ్యత. ఇవ్వలేకపోతే ఆ ముడి విప్పాలి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తాను.

సరే, ఇక మీరందరూ అడిగే ప్రశ్న. "అన్నా, ఏ సిమ్ము మంచిది?"

కంపెనీల ప్రకటనలు చూసి దీనికి జవాబు చెప్పలేం. దేశ జనాభాలో ఇంత శాతానికి మా నెట్‌వర్కు అందుతోంది అని వాళ్లు గొప్పగా చెప్తారు. జనాభా శాతం అన్న లెక్కలో ఒక కిటుకు ఉంది. పట్నంలో ఒక టవర్ కింద వేలమంది ఉంటారు. మన దగ్గర ఒక కొండకి ఇరవై ఇళ్లు, ఆ పక్క కొండకి పదిహేను ఇళ్లు. మనల్ని మొత్తం వదిలేసినా వాళ్ల శాతం పెద్దగా తగ్గదు. మిగిలిపోయిన ఆ కొద్ది శాతంలో ఉండేది మనమే.

ఇంకోటి. టెలికాం లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ సర్కిల్ అంటే ఇప్పటికీ ఆంధ్ర, తెలంగాణ రెండూ కలిపే. ఆ సర్కిల్ సగటు వేగం చెప్పినప్పుడు హైదరాబాద్, విజయవాడ, ముంచింగిపుట్టు అన్నీ ఒకే బుట్టలో పడతాయి. ఆ సగటు చూసి మన ఊరికి సిమ్ము కొనుక్కోలేం. అందుకే ఒక్కో కంపెనీ మన దాకా ఎలా వచ్చింది, ఎవరి డబ్బుతో వచ్చింది, ఏ ఫోన్లో పనిచేస్తుంది అనేది చూద్దాం.

ముందు బీఎస్ఎన్ఎల్. లోపలి ఊళ్లలోకి మొదట వచ్చింది అదే. 2014లో కేంద్ర క్యాబినెట్ ఒప్పుకున్న పథకం కింద, మావోయిస్టు ప్రభావిత ప్రాంతాలు అని వాళ్లు పేరుపెట్టిన చోట్ల, పలు రాష్ట్రాల్లో 2,343 టవర్లు వేశారు. ఎక్కడ వేయాలో గుర్తించింది హోం శాఖ. మన గర్భిణుల అవసరం, మన పిల్లల చదువు చూసి ఆ స్థలాలు ఎంచలేదు, వాళ్ల భద్రత చూసి ఎంచారు. అయినా ఆ టవర్ల మీద మనమూ మాట్లాడుకున్నాం, కాదనను. కానీ అవి 2జీ. మాటకి సరే, డేటాకి పెద్దగా పనికిరావు. వాటిని 4జీకి మార్చడానికి 2022 ఏప్రిల్‌లో గానీ ఆమోదం రాలేదు. ఆ ఏడాది జూలైలో ఇంకో పెద్ద పథకం తెచ్చారు. 26,316 కోట్ల రూపాయలు, ఏ సిగ్నలూ లేని 24,680 ఊళ్లు, పని బీఎస్ఎన్ఎల్‌కి. దేశంలోనే తయారైన పరికరాలతో చేయాలన్నారు. మంచిదే. కానీ ప్రైవేటు వాళ్ల 4జీ పల్లెలకి చేరి ఏళ్లు గడిచాక, 2025 సెప్టెంబర్ 27న ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రధాని బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీని దేశానికి ప్రారంభించారు. ఆ ఆలస్యం ఖరీదు కట్టింది మనలాంటి ఊళ్లే. ఒక చిన్న జాగ్రత్త: మీ దగ్గర పాత బీఎస్ఎన్ఎల్ సిమ్ము ఉంటే అది 4జీ సిమ్మో కాదో చూసుకోండి. పక్కన 4జీ టవర్ ఉన్నా పాత సిమ్ముకి 4జీ రాదు.

రెండోది జియో. 2016 సెప్టెంబర్‌లో మొదలైంది. మొదటి నుంచీ 4జీయే, 2జీ అసలు లేదు. డేటాకి మంచిదే. కానీ మన అవ్వ దగ్గర పాత కీప్యాడ్ ఫోన్ ఉంటుంది కదా, జియో టవర్ ఇంటి ముందే ఉన్నా ఆ ఫోన్‌కి సిగ్నల్ రాదు. 4జీలో మాట్లాడే ఫోన్ వేరే కొనాలి. ఊరికి టవర్ వచ్చింది అని పేపర్లో రాసేవాళ్లు ఈ సంగతి రాయరు.

మూడోది ఎయిర్‌టెల్. 2జీ ఉంచింది, 4జీ కూడా ఉంది. అందుకని అది అందే చోట పాత ఫోన్లూ పనిచేస్తాయి. వొడాఫోన్ ఐడియాకి కూడా 2జీ ఉంది. కానీ ఏ ప్రైవేటు కంపెనీ అయినా సొంత డబ్బు పెట్టేది మండల కేంద్రంలో, మెయిన్ రోడ్డు మీద, సంత జరిగే చోట. అక్కడ రీచార్జీలు ఎక్కువ. అక్కడి నుంచి పది కిలోమీటర్లు కొండెక్కి రావాలంటే వాళ్లకి గిట్టదు.

మరి లోపలికి ప్రైవేటు టవర్లు ఎలా వచ్చాయి? ఇది అందరూ తెలుసుకోవాల్సిన విషయం. కంపెనీలు తమ సవరించిన ఆదాయంలో 5 శాతం ఒక నిధికి కట్టాలి. 2002లో మొదలైన ఈ నిధిని యూనివర్సల్ సర్వీస్ ఆబ్లిగేషన్ ఫండ్ అనేవాళ్లు. 2023 టెలికాం చట్టం దాని పేరును డిజిటల్ భారత్ నిధి అని మార్చింది. ఆ ఆదాయం ఎక్కడిది? మనం వేసుకునే రీచార్జీల్లోంచే. 2021 నవంబర్‌లో ఈ నిధి నుంచి 6,466 కోట్లతో ఐదు రాష్ట్రాల్లో 7,287 ఊళ్లకి 4జీ ఇవ్వాలని క్యాబినెట్ నిర్ణయించింది. అందులో ఆంధ్రప్రదేశ్ ఊళ్లు 1,218. టవర్ వేసే ఖర్చే కాదు, ఐదేళ్లు నడిపే ఖర్చు కూడా ఆ డబ్బులోనే ఉంది. 2023 జూన్‌లో ముఖ్యమంత్రి ఒకేరోజు వంద జియో టవర్లు ప్రారంభించారు, వాటిలో ఎక్కువ భాగం అల్లూరి జిల్లావే. జనం అనుకున్నారు, ఏదో కంపెనీ దయతలచిందని. దయ కాదు తమ్ముడూ. ప్రజల డబ్బుతో లేచే టవర్ మీద కంపెనీ బోర్డు ఉంటుంది.

ప్రజల డబ్బుతో వేసిన టవర్ ఒక్క కంపెనీ సిమ్ముకే ఎందుకు పనిచేయాలి? ఈ ప్రశ్న చాలామంది అడిగారు. 2025 జనవరి 17న కేంద్రం ఒక ఏర్పాటు ప్రకటించింది. ఈ నిధితో వేసిన 4జీ టవర్ ఏ కంపెనీది అయినా సరే, బీఎస్ఎన్ఎల్, ఎయిర్‌టెల్, జియో మూడింటి వినియోగదారులూ దాన్ని వాడుకోవచ్చు. దీన్ని ఇంట్రా సర్కిల్ రోమింగ్ అంటారు. దేశం మొత్తం మీద సుమారు 27 వేల టవర్లు, 35 వేలకు పైగా ఊళ్లు దీని కిందికి వస్తాయన్నారు. మన ఊళ్లకి ఇది పెద్ద విషయం. ఇంట్లో రెండు సిమ్ములు, మూడు సిమ్ములు పెట్టుకుని రెండు రీచార్జీలు కట్టే బాధ తప్పాలి. కాబట్టి మీ ఊరి టవర్ ఏ నిధిది, మూడు సిమ్ములూ దాని మీద పనిచేస్తున్నాయా లేదా అన్నది మీరు పరీక్షించాలి. ఫోన్ సెట్టింగుల్లో నెట్‌వర్కు వెతికితే అక్కడ ఎవరెవరి పేర్లు కనిపిస్తున్నాయో తెలుస్తుంది.

ఇంకో అనుమానం. టవర్ కళ్ల ముందే ఉంది, సిగ్నల్ ఎందుకు లేదు? మూడు కారణాలు. మొదటిది కొండ. సిగ్నల్ దాదాపు సూటిగా పోతుంది. మధ్యలో కొండ అడ్డమొస్తే అవతలి వాలులో ఉన్న ఊరికి నీడ పడినట్టే. 700, 900 మెగాహెర్ట్జ్ లాంటి తక్కువ పౌనఃపున్యాలు దూరం పోతాయి, అడ్డంకుల్ని కొంత దాటుకుంటాయి. 2300 లాంటివి డేటా ఎక్కువ మోస్తాయి కానీ దూరం పోవు. రెండోది, టవర్‌కి వెనక లంకె. అది ఫైబర్ కావచ్చు, ఇంకో టవర్ నుంచి మైక్రోవేవ్ కావచ్చు, ఉపగ్రహం కావచ్చు. గొలుసులో ఒక టవర్ ఆగితే దాని వెనకున్నవన్నీ ఆగుతాయి. ఫోన్లో గీతలు నిండుగా ఉన్నా డేటా కదలకపోవడానికి చాలాసార్లు ఈ లంకె సన్నగా ఉండటమే కారణం. మూడోది కరెంటు. వానాకాలం చెట్టు పడి లైను తెగితే, బ్యాటరీ దిగిపోయాక, జనరేటర్లో డీజిల్ పోసేవాడు రాకపోతే టవర్ ఉత్త ఇనుప స్తంభం. మా పంచాయతీలో వారం రోజులు టవర్ ఆగిపోయి, కాగితం మీద మాత్రం నడుస్తున్నట్టే ఉన్న రోజులు ఉన్నాయి. మీ దగ్గరా ఉండి ఉంటాయి.

అందుకే అంటున్నా, టవర్ల లెక్క వాళ్లు చెప్పనీ, సిగ్నల్ లెక్క మనం రాద్దాం. ఎలాగంటే:

ప్రతి ఊళ్లో ఇద్దరు ముగ్గురు పిల్లలు ఒక నోటుబుక్కు పెట్టండి. నెల రోజులు, రోజుకి మూడుసార్లు: పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. నాలుగు చోట్ల చూడండి: రేషన్ డిపో, అంగన్‌వాడీ, బడి, ఊరి చివరి ఇల్లు. ఏ సిమ్ము, ఏ ఫోన్, కాల్ కలిసిందా, మాట తెగిందా, డేటా వచ్చిందా, కరెంటు ఉందా. అంతే. వేగం కొలవడానికి ట్రాయ్ వాళ్ల మైస్పీడ్ యాప్ ఉంది. అప్పుడు ఏ సిమ్ము మంచిదో నన్ను అడగక్కర్లేదు, మీ పుస్తకమే చెప్తుంది. వర్షాకాలంలో ఇంకో నెల రాయండి. ఎండాకాలం లెక్క వేరు, వానాకాలం లెక్క వేరు.

తర్వాత కంపెనీల మ్యాపులు తెరవండి. 2024 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ట్రాయ్ నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీ 2జీ, 4జీ, 5జీ ఎక్కడెక్కడ అందుతోందో తన వెబ్‌సైట్‌లో మ్యాపు పెట్టాలి. ఆ మ్యాపులో మీ ఊరికి రంగు వేసి ఉండి, మీ పుస్తకంలో సిగ్నల్ సున్నా ఉంటే, అదే మన సాక్ష్యం. ముందు కంపెనీకి ఫిర్యాదు చేసి నంబరు తీసుకోండి. తీరకపోతే అప్పీలు, ఆ తర్వాత టెలికాం శాఖకి. బీఎస్ఎన్ఎల్, టెలికాం శాఖ రెండూ సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయి. నిధితో వేసిన టవర్ల జాబితా, ఒప్పందం గడువు, ఆగిన రోజుల వివరం అడగండి.

అవే నిబంధనల్లో ఇంకో మాట ఉంది. ఒక జిల్లాలో సేవలు 24 గంటలకు మించి ఆగిపోతే వినియోగదారుడికి పరిహారం ఇవ్వాలి, ప్రీపెయిడ్ అయితే గడువు పొడిగించాలి. బాగుంది. కానీ లెక్క జిల్లా స్థాయిలో. మన పంచాయతీలో ఒక్క టవర్ పది రోజులు ఆగినా ఆ లెక్కలోకి రాదు. ఉన్నదే ఒక్క టవర్ అయిన చోట ఆ టవరే కొలత కావాలి. ఇది మన డిమాండ్.

గ్రామసభ మాట కూడా చెప్పాలి. అటవీ హక్కుల చట్టం 2006లో సెక్షన్ 3(2) చదవండి. బడి, రోడ్డు, తాగునీళ్లతో పాటు కరెంటు, టెలికాం లైన్లు కూడా అందులో ఉన్నాయి. ప్రభుత్వం నిర్వహించే ఈ సౌకర్యాలకి ఒక్కో చోట హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు, హెక్టారుకి 75 చెట్లు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు తప్పనిసరి. అడవి అడ్డమొచ్చింది, అందుకే ఫైబర్ రాలేదు అని ఎవరైనా అంటే, ఈ సెక్షన్ చూపించండి. అలాగే ప్రైవేటు కంపెనీ పేరున టవర్ స్థలం అడిగితే కాగితం చూడకుండా వేలిముద్ర వేయొద్దు. 1/70 ఉంది, 1997 సమత తీర్పు ఉంది. సిగ్నల్ కావాలి, నిజమే. దానికోసం భూమి మీద హక్కు పోగొట్టుకోనక్కర్లేదు.

ఇక మొదట్లో చెప్పిన మాట. టవర్లు వస్తాయి, కొన్ని ఆలస్యంగా వస్తాయి. వచ్చేలోపు ఏ తల్లి సరుకూ, ఏ కూలీ హాజరూ సిగ్నల్ లేదన్న కారణంతో ఆగకూడదు. సిగ్నల్ లేని చోట రిజిస్టరులో సంతకంతో రేషన్ ఇవ్వాలి, మస్టర్ కాగితం మీద హాజరు వేయాలి. మీ ఊరి గ్రామసభలో ఈ ఒక్క తీర్మానం రాయించి, మీ నోటుబుక్కు నకలు జతచేసి, ఐటీడీఏ పీవోకి, కలెక్టర్‌కి ఇచ్చి రసీదు తీసుకోండి.

వచ్చే సమావేశానికి ఎవరూ ఉత్తచేతులతో రావొద్దు. పుస్తకాలతో రండి. మండలం వారీగా కలిపి మన మ్యాపు మనమే గీద్దాం.

జోహార్. జై ఆదివాసీ.