ఏరు కథ, కందుల కథ
(కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



బ్యాంకు వాళ్లం కాబట్టి మనకు అంకెలంటే నమ్మకం. కానీ కొన్ని విషయాలు అంకెలకు అందవు. పిల్లలు ఇప్పుడు కృత్రిమ మేధతో కథలు అల్లుతున్నారు. వారానికి ఎన్ని కథలు, ఎన్ని నిమిషాలు అని లెక్క తీయవచ్చు. ఆ కథ ఇంట్లో ఏం చేసిందో తెలియాలంటే మాత్రం గుణాత్మక పరిశోధన కావాలి. అంటే దగ్గర కూర్చుని చూడటం, అడగటం, విన్నది విన్నట్టు రాసుకోవటం.

మా ఇంట్లో జరిగిందే చెబుతాను. ఏడో తరగతి చదివే మా అమ్మాయి, తాతయ్య చిన్నప్పుడు బడికి వెళ్లిన కథ రాయమని ఫోన్‌లో కృత్రిమ మేధను అడిగింది. పుస్తకాలు నెత్తిన పెట్టుకుని, పొంగుతున్న ఏరు దాటి పరీక్ష రాసిన కుర్రాడి కథ క్షణాల్లో వచ్చింది. మా నాన్నగారు విని నవ్వారు. "మా ఊళ్లో ఏరే లేదు కదే తల్లీ!" అన్నారు. తర్వాత, తన పరీక్ష ఫీజు కోసం మా నాయనమ్మ ఇంట్లో ఉన్న కందులు అమ్మిన సంగతి చెప్పారు. నలభై ఏళ్లు దాటిన నేనూ అది వినడం అదే మొదటిసారి.

మర్నాడు బడిలో కథల పోటీకి ఏరు కథే తీసుకెళ్తానంది మా అమ్మాయి. "తాతయ్య కథలో ఏమీ జరగలేదు నాన్నా" అంది. ఆయన పేపరు అడ్డం పెట్టుకుని మౌనంగా ఉండిపోయారు.

ఫోన్‌లో వచ్చిన కథను మాత్రమే సేకరిస్తే ఈ కందులూ దొరకవు, ఆ మౌనమూ దొరకదు. అందుకే పిల్ల ఏమని అడిగింది, ఏం వచ్చింది, ఎవరు ఏమన్నారు అన్నీ తేదీతో సహా భద్రపరచాలి. ఒకే ప్రశ్నకు యంత్రం రేపు మరో జవాబు ఇవ్వవచ్చు. తర్వాత అందరితో విడివిడిగా మాట్లాడాలి. రాసుకున్నది పదేపదే చదివి, ముఖ్యమైన మాటలకు గుర్తులు పెట్టి, దగ్గరి అర్థం ఉన్నవాటిని ఒకచోట చేర్చాలి. వర్జీనియా బ్రౌన్, విక్టోరియా క్లార్క్ 2006లో ఆరు దశలుగా వివరించిన ఇతివృత్త విశ్లేషణ దాదాపు ఇలాగే సాగుతుంది.

అంతకుముందే, 1967లో, విలియం లబోవ్, జాషువా వాలెట్‌స్కీ అమెరికాలో మామూలు మనుషులు నోటితో చెప్పిన అనుభవాలను పరిశీలించారు. సంఘటనల వరుస ఒక్కటే కథ కాదని, 'ఇది ఎందుకు చెబుతున్నాను' అన్నది కూడా అందులో ఉండాలని గుర్తించారు. ఏరు కథలో సంఘటనలు ఎక్కువ. కందుల కథలో ఆ 'ఎందుకు' ఉంది.

అయితే నేను కొడుకుని, కందుల వైపే మొగ్గుతాను. పరిశోధకుడు తన మొగ్గును దాచకుండా రాసుకోవాలి. అందుకే అమ్మాయిని మళ్లీ అడిగాను. "సాహసం ఉంటేనే బహుమతి ఇస్తారు నాన్నా. తాతయ్య కథకి మార్కులు వేయించడం నాకిష్టం లేదు" అంది. అడగకపోయి ఉంటే, పిల్లకు తాతయ్య కథ విలువ తెలియలేదని తీర్పు చెప్పేసేవాణ్ణి.

మరో మాట. ఖాతాదారు వివరాల్లాగే ఇంటి కథకూ గోప్యత ఉంది. రికార్డు చేసే ముందు పెద్దల అనుమతీ, పిల్లల అనుమతీ తీసుకోవాలి. నేనూ ఆ ఇద్దరినీ అడిగే ఇక్కడికి వచ్చాను.

పోటీకి ఏరు కథే వెళ్లింది. కందుల కథను నేను నాన్నగారి మాటల్లోనే రాసుకుంటున్నాను. మొన్న రాస్తుంటే మా అమ్మాయి పక్కన చేరి అడిగింది: "కందులన్నీ అమ్మేస్తే ఆ ఏడాది పప్పు ఎలా వండుకున్నారు తాతయ్యా?"

ఆయన పేపరు పక్కన పెట్టారు. ఆ జవాబు ఇంకా రాసుకుంటూనే ఉన్నాను.

సెలవు.