పగిలిన కిటికీ అద్దము
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సభలలో రోడ్లు, మంచినీరు, వీధి దీపములు మొదలైన పెద్ద పనులను గూర్చి మాటలాడువారు చాలమంది కలరు. నేడు నేను మిక్కిలి చిన్న పనిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిని. ఇంటి కిటికీలో గాని, బడి కిటికీలో గాని పగిలిన అద్దమును తీసి క్రొత్త అద్దమును బిగించుటయే ఆ పని. అది చిన్నదైనందుననే నెలల తరబడి ఎవరికిని పట్టక నిలిచిపోవుచుండును.

అద్దము పగిలిన కిటికీవలన కలుగు నష్టమును చూడుడు. వానజల్లు లోపలికి కొట్టి చట్రపు కొయ్య నానును. నానిన కొయ్య ఉబ్బును. ఎండిన పిమ్మట బీటలు వారును. ఇట్లు కొన్ని వర్షకాలములు గడచుసరికి ఒక్క అద్దముతో తీరవలసిన ఖర్చు కిటికీ రెక్క మొత్తమునకు వచ్చును. గ్రంథాలయములోని పుస్తకములు, పంచాయతీ కార్యాలయములోని రికార్డులు తడిసి పాడగును. అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి కలదు. చట్రములో మిగిలిన గాజుముక్క కత్తివలె వాడిగా నుండును. బడి కిటికీలలో అది తరచుగా పిల్లల చేతికి అందు ఎత్తుననే యుండును. పిల్లవాని చేయి తెగిన తరువాత అద్దము తెప్పించుటకంటె ముందుగనే తెప్పించుట మేలు కదా!

ఇది పంచాయతీకి సంబంధించిన విషయమేనా అని మీరు అడుగవచ్చును. 1992 నాటి రాజ్యాంగ 73వ సవరణ చట్టము 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చినది. దానివలన రాజ్యాంగమున చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు పేర్కొనబడినవి. వానిలో చివరిదగు 29వ విషయము సామాజిక ఆస్తుల నిర్వహణ. కట్టుట ఒక యెత్తు, కట్టినదానిని కాపాడుకొనుట ఒక యెత్తు. భవనమునకు ప్రారంభోత్సవము జరుగును. పగిలిన అద్దము మార్చుటకు ఏ ఉత్సవమును జరుగదు. కనుకనే దానిని జ్ఞాపకముంచుకొనువారు కావలెను.

"మా ఊరిలో అద్దములు బిగించువారు లేరు, పట్టణమునుండి మనిషి రావలెను" అని కొందరు అందురు. గాజు పలకను కొలత ప్రకారము కోయించుటకు దుకాణమునకు పోవలసినదే. కాని దానిని బిగించుటకు మన ఊరి వడ్రంగి చాలును. ఓర్పుగల ఏ గృహస్థుడైనను చాలును. పలక చేతికి వచ్చిన తరువాత ఒక పూట పని మాత్రమే. ఆ క్రమమును వివరించెదను.

మొదటిది, పగిలిన అద్దమును తీయుట. పిల్లలను, పశువులను దూరముగా నుంచవలెను. కాళ్ళకు బూట్లు గాని గట్టి చెప్పులు గాని, చేతులకు మందమైన తొడుగులు, కంటికి కళ్ళద్దములు ఉండవలెను. వీలైనచో బందుల మరలు విప్పి, రెక్కను దింపి, బల్లపై గోనెసంచి పరచి దానిపై పరుండబెట్టవలెను. దింపుటకు ముందే అద్దమునకు ఇరువైపుల అంటుపట్టీలు అడ్డముగను నిలువుగను అతికించినచో ముక్కలు చెల్లాచెదరు కావు. రెక్కను దింపుటకు వీలుకానిచో పైముక్కలను ముందు తీసి క్రమముగా క్రిందికి రావలెను. క్రిందివి ముందు తీసినచో పైముక్క జారి ముంజేతిపై పడును.

తీసిన ముక్కలను ఎట్టి పరిస్థితిలోను పెంటకుప్పపై వేయరాదు. అక్కడ వేసిన గాజు ఎరువుతో కలసి పొలమునకు చేరును. వట్టికాళ్ళతో నాట్లు వేయు స్త్రీల పాదములలో దిగును. ముక్కలను నాలుగైదు పొరల కాగితములో చుట్టి, రేకు డబ్బాలో పెట్టి మూత బిగించి, "గాజు" అని పైన వ్రాసి, చెత్త సేకరించువారికి చెప్పి ఇవ్వవలెను.

రెండవది, గాడిని శుభ్రము చేయుట. అద్దము కూర్చుండుటకు చట్రములో గాడి యుండును. దానిలోని ఎండిన పుట్టీని, పాత మేకులను ఉలితో మెల్లగా తీయవలెను. ఇందు ఒక జాగ్రత్త కలదు. పాత రంగులలోను, కొన్ని పాత పుట్టీలలోను సీసము కలిసియుండవచ్చును. ఇండ్లకు వేయు రంగులలో సీసము పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళకు మించరాదను నియమము మన దేశమున 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చినది. అంతకు పూర్వపు రంగును పొడిగా గీకి ధూళి లేపరాదు. నీటితో తడిపి గీకవలెను. సీసపు ధూళి పిల్లల మెదడుకు హాని చేయును. గాడి శుభ్రపడి ఆరిన తరువాత కొయ్యకు ప్రైమరు పూయవలెను. లేనిచో ఎండిన కొయ్య పుట్టీలోని నూనెను పీల్చివేయును. పుట్టీ త్వరలోనే పగిలి రాలిపోవును.

మూడవది, కొలత. పని చెడుట ఎక్కువగా ఇక్కడనే జరుగును. గాడి లోపలి వెడల్పును పైన, నడుమ, క్రింద మూడుచోట్ల కొలిచి, అన్నిటికంటె తక్కువైన కొలతను తీసికొనవలెను. ఎత్తును కూడ అట్లే కొలవవలెను. తరువాత వెడల్పునుండి 3 మిల్లీమీటర్లు, ఎత్తునుండి 3 మిల్లీమీటర్లు తగ్గింపవలెను. ఉదాహరణకు గాడి 450 మిల్లీమీటర్ల వెడల్పు, 600 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్నచో పలకను 447, 597 మిల్లీమీటర్లకు కోయింపవలెను. మూలనుండి మూలకు గల రెండు కొలతలు సమానముగా లేనిచో చట్రము వంకర తిరిగినదని గ్రహించి, అట్టముక్కను గాడికి సరిపోవునట్లు కత్తిరించి దుకాణదారునికి చూపవలెను.

ఈ 3 మిల్లీమీటర్లు ఎందుకు? కొయ్య వానకాలమున ఉబ్బును, ఎండకాలమున తగ్గును. గాజు వంగదు, లొంగదు. అద్దము చట్రమునకు బిగుతుగా పట్టినచో ఉబ్బిన కొయ్య దానిని నొక్కును. పగులు సాధారణముగా పలక అంచునుండియే మొదలగును. అంచునకు మేకు గాని, గట్టిపడిన పాత పుట్టీ ముక్క గాని తగిలియున్నను ఒకనాడు ఏ కారణము లేకుండ పగిలినట్లు కన్పించును. కారణము లేక కాదు; మనము వదలవలసిన ఖాళీ వదలకపోవుటయే కారణము.

నాలుగవది, పలకను ఎన్నుకొనుట. చిన్న పలకలకు 3 మిల్లీమీటర్ల మందము, పైన చెప్పిన కొలతకు 4 మిల్లీమీటర్ల మందము వాడుదురు. గాజు చదరపు మీటరునకు ప్రతి మిల్లీమీటరు మందమునకు సుమారు రెండున్నర కిలోల బరువు తూగును. కావున మందము పెంచునప్పుడు బందులు ఆ బరువును మోయగలవో లేదో, గాడి లోతు చాలునో లేదో చూడవలెను. బడిలో పిల్లలకు అందు ఎత్తున గల కిటికీలకు సాధారణ గాజుకంటె టెంపర్డు గాజు మేలు. అది పగిలినచో కత్తులవంటి ముక్కలు కాక చిన్న చిన్న పలుకులుగా రాలును. కాని దానిని తయారైన పిమ్మట కోయుటకు వీలులేదు. కొలత ముందుగనే సరిగా ఇచ్చి చేయింపవలెను. భద్రత గాజునకు భారతీయ ప్రమాణము ఐ.యస్. 2553. కొనునప్పుడు ఆ గుర్తును అడుగుడు.

ఐదవది, బిగించుట. పుట్టీ యనగా మెత్తని సుద్దపొడిని అవిసె నూనెతో కలిపిన ముద్ద. దుకాణములలో సిద్ధముగా దొరకును. గోడలకు పూయు పుట్టీ వేరు, ఇది వేరు. దీనిని అరచేతిలో చపాతీ పిండివలె మర్దించి, సన్నని త్రాడువలె చేసి గాడి చుట్టును పరవవలెను. పలకను దానిపై నుంచి అంచులవద్ద మాత్రమే మెల్లగా నొక్కవలెను. నడుమ నొక్కినచో పగులును. పలక వెనుక 2 మిల్లీమీటర్ల మందమున పుట్టీ మిగులవలెను. చుట్టును ఖాళీ సమానముగా నున్నదో లేదో చూచి, తలలేని సన్నని మేకులను సుమారు జానెడు దూరమున కొకటి చొప్పున కొయ్యలోనికి కొట్టవలెను. సుత్తిని ఎత్తి కొట్టక, అద్దముపై జార్చుచు తట్టవలెను. పిమ్మట వెలుపలి వైపు పుట్టీని పరచి, కత్తితో వాలుగా దిద్దవలెను. ఆ వాలువలన వాననీరు నిలువక జారిపోవును.

మన ప్రాంతమున పుట్టీకి బదులు కొయ్య బీడింగు కొట్టుట కూడ వాడుక. అదియు మంచిదే. కాని అద్దమునకు, బీడింగునకు నడుమ పలుచగా పుట్టీ గాని సిలికాను గాని వేయనిచో నీరు ఆ సందున దిగి కొయ్యను లోలోపల క్రుళ్ళజేయును.

అవిసె నూనె పుట్టీపై వెంటనే రంగు వేయరాదు. రెండు మూడు వారములలో పైపొర గట్టిపడును. అప్పుడు రంగు వేయుచు, అద్దముపైకి కూడ 2 మిల్లీమీటర్లు వచ్చునట్లు వేయవలెను. అట్లయిన నీరు సందులోనికి పోదు. మరొక హెచ్చరిక. అవిసె నూనె గాలిలోని ప్రాణవాయువును గ్రహించి గట్టిపడును; అప్పుడు వేడి పుట్టును. ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడవేసినచో వానంతట అవియే అంటుకొనవచ్చును. వానిని నీటిలో తడుపవలెను, లేదా ఆరుబయట విప్పి ఆరవేయవలెను.

పలక వచ్చువరకు కిటికీని కాగితముతో మూసి ఊరుకొనరాదు. మిగిలిన ముక్కలను నేడే తీసివేసి, ప్లైవుడ్డు పలకను మేకులతో కొట్టింపుడు.

సభ్యులారా, ఇక మీ వంతు. ప్రతి సంవత్సరము మృగశిర కార్తె రాకముందే బడి, అంగన్‌వాడీ, గ్రంథాలయము, పంచాయతీ కార్యాలయము ఒకసారి తిరిగి చూడుడు. ప్రతి కిటికీ కొలతను ఒక పుస్తకమున వ్రాసియుంచుడు; అద్దము పగిలిననాడు మరల కొలువ నక్కరలేదు. పలకలను కొన్నిటిని కలిపి కోయించినచో ప్రయాణపు ఖర్చు కలసివచ్చును. మిగిలిన పలకలను పరుండబెట్టక, నడుమ కాగితము పెట్టి, పొడి చోట గోడకు చేరవేసి నిలువుగా నుంచుడు.

కోస్తా గ్రామములవారు తుపాను కాలమునకు ముందు మరల ఒకసారి చూడవలెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు ఎన్నో భవనముల అద్దములు పగిలినవి. అద్దముపై అంటుపట్టీలు అతికించినంతమాత్రమున దానికి బలము రాదు. కొయ్య తలుపులు మూయుట, లేనిచో ప్లైవుడ్డు అడ్డము కొట్టుట మాత్రమే రక్ష.

పంచాయతీ పనితనమును గ్రామస్థులు పెద్ద భవనములను చూచియే నిర్ణయింపరు. తమ పిల్లలు కూర్చుండు గదిలో వాన పడుచున్నదా లేదా అనియు చూతురు. మీరు ఊరికి చేరిన వెంటనే బడికి పోయి కిటికీలను లెక్కింపుడు. పగిలినవి ఎన్ని యున్నవో తదుపరి సమావేశమున చదివి వినిపింపుడు. లెక్క తెలిసిన పని సగము జరిగినట్లే. మిగిలిన సగమునకు ఒక వడ్రంగి, ఒక పూట చాలును.